వెల్లకిలా గీసిన ప్లాను

ఊళ్ళో సగం ఇళ్లకి రేకులు వేసిన మనిషి మావారు. మా ఇంటి మీద మాత్రం ఎప్పటివో పాత పెంకులు. దీపం కింద చీకటి అంటారు కదా, మా ఇంట్లో దీపం కింద బకెట్టు. వంటగదిలో ఇంకొకటి, మంచం కాళ్ల దగ్గర ఒక గిన్నె. వాన మొదలైందంటే నేను కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, కుట్టిన బట్టలన్నీ ఎత్తుకుని గది గదికీ తిరగాలి. నేను బడి పిల్లలకి యూనిఫాంలు కుడతాను. పోయిన వానల్లో పన్నెండు తెల్ల చొక్కాల మీద పెంకుల ఎర్రనీళ్లు కారాయి. వాటిని ఉతికి ఉతికి నా చేతులు తెల్లబడ్డాయి గానీ చొక్కాలు తెల్లబడలేదు.

"ఈసారి వానలు వచ్చేలోపు మన ఇంటికి రేకులు పడకపోతే, నా మిషను నెత్తిన పెట్టుకుని మీరు కప్పు వేసిన ఏదో ఒక ఇంట్లో అద్దెకి దిగుతాను," అన్నాను.

"వేద్దాంలే. పైకెక్కేవాడు దొరకాలిగా," అన్నారు మావారు.

ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కితే అయిదో మెట్టు మీద ఆగి ఆయాసపడతారు. పనులకి కూలి మనుషుల్ని పెట్టుకుని కింద నుంచి చేయిస్తున్నారు. కానీ మా ఇంటి విషయానికి వచ్చేసరికి ప్రతి ఏడూ ఇదే మాట. పైకెక్కేవాడు దొరకాలి. ఆ పైకెక్కేవాడు ఎవడో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వాడి పేరు మాత్రం ఆరేళ్లుగా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

వాడు నా మరిది. నేను పెళ్లయి ఈ గుమ్మం తొక్కేసరికి వాడికి తొమ్మిదేళ్లు, నాకు పంతొమ్మిది. అప్పటికి అత్తగారు పోయి ఏడాది. మొదటిరోజే నా పక్కన వచ్చి కూర్చుని, "నువ్వు ఇక్కడే ఉంటావా, రెండ్రోజులుండి వెళ్లిపోతావా?" అని అడిగాడు. ఉంటానురా అన్నాను. ఆ మాట నిజమో కాదో చూసుకోవడానికి నెల రోజులపాటు నా వెంటే తిరిగాడు. నీళ్లకి వెళ్తే వెనకాలే, దారం కొనడానికి వెళ్తే వెనకాలే. మాకు పిల్లలు కలగలేదు. ఉన్న పిల్లాడు ఉన్నాడు కదా అనుకున్నాను గానీ, దానికోసం నేను పెద్దగా ఏడ్చిందీ లేదు.

పద్దెనిమిదేళ్లకి అన్న వెంట పనికి వెళ్లాడు. అన్న కింద, తమ్ముడు పైన. ఆ జోడీని చూడ్డానికి దారిన పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. మావారి పద్ధతి వేరు. మిగతా మేస్త్రీలంతా నిచ్చెన వేసుకుని పైకెక్కి, పై నుంచి కనిపించినట్టు ప్లాను గీస్తారు. ఈయన గదిలో వెల్లకిలా పడుకుని, గుండెల మీద అట్ట పెట్టుకుని, కింది నుంచి కనిపించినట్టు గీస్తారు. ఏ వాసం వంగిందో, తడి మచ్చ ఎక్కడుందో, వెలుతురు ఏ సందులోంచి దూరుతోందో పైనున్నవాడికేం తెలుస్తుంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే అలా గీసిన ప్లాను పట్టుకుని పైకెక్కితే కుడి కొస ఎడమకి వస్తుంది. చొక్కా తిరగేస్తే కుడి చెయ్యి ఎడమకి పోయినట్టే. కుట్టుపని తెలిసినదాన్ని కాబట్టి నాకది ఇట్టే అర్థమైంది. నా తర్వాత అర్థమైంది మా మరిదికొక్కడికే. అన్న ఇచ్చిన కాగితం ఒకసారి చూసేవాడు, మడిచి జేబులో పెట్టుకునేవాడు, ఎక్కేవాడు. మనసులోనే తిరగేసుకునేవాడు. ఒక్కసారీ అడిగింది లేదు, ఒక్క రేకూ తప్పు పడింది లేదు.

ఆరేళ్ల కిందట ఒక్క ఇంటికే తప్పు పడింది. రిటైరైన పంతులమ్మగారి ఇల్లు అది. రేకులు పరిచేటప్పుడు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కిస్తారు. వానగాలి ఎటు నుంచి కొడుతుందో చూసుకుని, దానికి అవతలి కొస నుంచి మొదలుపెడితే, ప్రతి అంచూ గాలికి వీపు పెట్టినట్టు ఉంటుంది. అటుది ఇటు మొదలుపెడితే ప్రతి అంచూ గాలికి నోరు తెరిచినట్టే. పంతులమ్మగారి ఇంటి కప్పు నోరు తెరిచింది. మొదటి వానకే నీళ్లు రేకుల సందుల్లోంచి దూరి, సీలింగు మీద నిలిచి, ఆవిడ రెండు బీరువాల పుస్తకాల మీద పడ్డాయి.

మావారు తమ్ముణ్ణి ఆ ఇంటివాళ్ల ముందే తిట్టారు. ఇంటికి వచ్చాక కూడా ఆపలేదు. "నువ్వు గీసినట్టే వేశానన్నా," అన్నాడు వాడు. ఆ ఒక్క మాటే పదిసార్లు అన్నాడు. పదకొండోసారి గొంతు పెంచాడు. ఈయన చెయ్యెత్తారు. నేను మధ్యలోకి వెళ్లాను. వెళ్లి, వాణ్ణే అన్నాను. "పెంచి పెద్ద చేసినవాణ్ణి ఎదిరించేంత మొనగాడివయ్యావా? ఇంట్లో ఉంటే నోరు మూసుకుని ఉండు, లేకపోతే పో" అన్నాను. కోపంలో ఎవరైనా అనే మాటే కదా. ఆ సమయానికి ఆయన్ని ఆపడానికి వీణ్ణి అనడం తేలిక, అంతే. రాత్రి భోజనానికి వస్తాడనే అనుకుని కంచం పెట్టి ఉంచాను.

రాలేదు. ఊరి అవతలి కొసన రేకులు తయారుచేసే కార్ఖానాలో మిషను మీద చేరాడని తెలిసింది. పెళ్లి చేసుకున్నాడని కూరగాయల కొట్లో ఎవరో అంటే విన్నాను. చేతిలో సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కూతురు పుట్టిందని ఇంకెవరో చెప్పారు. వాడు అన్న మీద అలిగాడు, అన్న పిలిస్తే వస్తాడు, ఈయన పిలవడు అని ఆరేళ్లూ మావారి మీద పళ్లు నూరుకుంటూ గడిపాను. వీధిలో ఎవరి సైకిలు గంట మోగినా నా పాదం మిషను తొక్కడం మానేసేది.

సరే, ఈ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక మావారు ఒక ఆదివారం మంచం మీద వెల్లకిలా పడుకుని మా ఇంటి ప్లాను మొదలుపెట్టారు. "ఆ పాత పుస్తకం తీసుకురా, వాలు ఎంత పెట్టేవాళ్లమో చూడాలి," అన్నారు. ట్రంకు పెట్టెలోంచి తీశాను. దుమ్ము దులుపుతూ పేజీలు తిప్పాను. ప్రతి పేజీలో ఒక ఇల్లు. ప్రతి ఇంట్లో ఆయన పడుకుని చూసినవన్నీ చిన్నచిన్నగా గీసి ఉన్నాయి. బల్బు, ఫ్యాను కొక్కెం, మంచం, తలుపు. ఏది ఎటుందో గుర్తుకోసం అలా వేసుకుంటారు.

పంతులమ్మగారి ఇంటి పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. అందులో బల్బు లేదు. మంచం లేదు. పక్కింటి డాబా మెట్లు ఉన్నాయి, నీళ్ల టాంకీ ఉంది.

కుట్టేవాళ్లకి ఒక తప్పు బాగా తెలుసు. బట్టని ఒకే వైపు నుంచి రెండుసార్లు కత్తిరిస్తే చొక్కాకి రెండు ముందు భాగాలూ ఎడమవే వస్తాయి. కత్తెర తప్పు కాదు, గీత తప్పు కాదు. బట్ట ఏ ముఖం మీద పెట్టామన్నదే తప్పు. ఆ పేజీ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాను.

"ఈ ప్లాను ఎక్కడ ఉండి గీశారు?" అని అడిగాను.

"ఏ ప్లాను?"

"పంతులమ్మగారిది. పక్కింటి టాంకీ వాళ్ల గదిలోంచి ఎలా కనిపించింది మీకు?"

తేలు కుట్టిన దొంగలా అట్ట మీదే చూపు నిలిపారు. పెన్సిలు మాత్రం కిందకి దిగింది.

"వాళ్లింట్లో సీలింగు ఉంది," అన్నారు. "కింద పడుకుంటే కప్పు కనపడలా. పక్క డాబా ఎక్కి, పై నుంచి చూసి గీశాను."

"ఆ సంగతి వాడితో చెప్పారా?"

"మర్చిపోయాను."

"వాడు ఎప్పటిలాగే తిరగేసుకున్నాడు."

"ఊఁ."

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"వాడు వెళ్లిపోయిన నెలకి."

నాకు ముక్కు మీదే ఉండే కోపం నెత్తికెక్కింది. "అంటే అయిదేళ్ల పదకొండు నెలలు! అన్నం ఎలా దిగిందండీ మీకు? వాడి పెళ్లి అయిపోయింది. వాడికి బిడ్డ పుట్టింది. ఒక్క మాట, తప్పు నాదిరా అని ఒక్క మాట అనడానికి మీ నోట్లో ఏం అడ్డుపడింది?"

"చెబుదామనే అనుకున్నాను. మొదటి రోజు చెప్పుంటే చిన్నమాటే. రోజూ కాస్త కాస్త బరువెక్కింది. తర్వాత ఎత్తలేకపోయాను," అన్నారు.

నేను ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

అప్పుడొకటి అర్థమైంది. ఈ ఆరేళ్లూ ఆయన ప్రతి ప్లానూ రెండుసార్లు గీస్తున్నారు. పడుకుని ఒకటి గీసి, దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెనక వైపు నుంచి ఇంకొకటి. నేనేదో చాదస్తం అనుకున్నాను. కూలి మనుషులకి తిరగేసుకోవడం రాదు కదా, అందుకు. మా ఇంటి ప్లాను దగ్గర మాత్రం ఆ రెండోసారి గీయడం మర్చిపోయారని తర్వాత గానీ తెలియలేదు. నా తిట్లకి మతి చెదిరిందో, సొంత మంచం మీద పడుకునేసరికి పాత అలవాటు తిరిగొచ్చిందో తెలియదు. ఉన్నదున్నట్టు కాగితం మీదకి ఎక్కించి, ఇంకో మనిషి చేత కార్ఖానాకి పంపారు.

మా ఇల్లు చదరం కాదు. వీధి వంపు తిరిగిన చోట ఉంది కాబట్టి ఒక పక్క గోడ ఏటవాలుగా పోతుంది. ఆ కొసన పడే నాలుగు రేకుల్ని ఐమూలగా కత్తిరించాలి. ఇంటి దగ్గర కటింగ్ మిషనుతో కోస్తే నిప్పురవ్వలకి రంగు మాడి, ఆ అంచు తుప్పు పడుతుంది. అందుకని కార్ఖానాలోనే కోయించి తెప్పిస్తారు. రేకుకి ఒక ముఖానే రంగు. తప్పు వైపు ఐమూల కోసేస్తే తిరగేసి వాడుకోవడానికి వీల్లేదు.

పెంకులు దించేశారు. కుళ్లిన వాసాలు తీసేసి ఇనుప పైపులు బిగించారు. పైన టార్పాలిన్ ఒకటి తాళ్లతో కట్టి, దాని కింద మా కాపురం. గాలి వీస్తే ఇల్లంతా ఊపిరి పీల్చినట్టు లేచి పడేది. మబ్బులు అప్పుడే తిరగడం మొదలుపెట్టాయి. పొద్దున లేస్తూనే ఇద్దరం ముఖాలు కూడా కడుక్కోకుండా ఆకాశం వంక చూసేవాళ్లం.

మూడోరోజు రేకుల లారీ వచ్చింది. దించి గోడకి వరసగా ఆనించారు. ప్రతి రేకు వెనకా నల్ల సిరాతో అంకె. ఒకటి, రెండు, మూడు. ఏడు అంకె తోకని కిందకి లాగి చివర కొక్కెంలా తిప్పిన ఆ రాత నాకు తెలుసు. పలక మీద దాన్ని మళ్లీ మళ్లీ దిద్దించింది నేను. ఎంత చెప్పినా ఆ కొక్కెం మానలేదు.

మావారు ఐమూల రేకుల దగ్గరికి వెళ్లారు. ఒకటి ఎత్తి, రంగు వైపు పైకి పెట్టి, ఏటవాలు గోడ పక్కన ఆనించి చూశారు. అతికినట్టు సరిపోయింది. జేబులోంచి తన కాగితం నకలు తీసి చూసుకున్నారు. మళ్లీ రేకు చూశారు. మళ్లీ కాగితం. తర్వాత ఆ రేకుల పక్కనే నేల మీద కూర్చుండిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"నేను తప్పు పంపాను. తిరగెయ్యకుండా పంపాను. ఇంకెవడైనా అయితే కాగితంలో ఉన్నట్టే కోసేసేవాడు," అన్నారు. "వాడు సరిగ్గా కోశాడు."

మీద కప్పు లేదు, పక్కన ఈయన, ఎదురుగా ఆ ఏడు అంకె. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఏడ్చాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

"లేవండి," అన్నాను. "ముందు పంతులమ్మగారి ఇంటికి వెళ్లి తప్పు మీదని చెప్పండి. ఏ గుమ్మం ముందు వాణ్ణి తిట్టారో ఆ గుమ్మం ముందే చెప్పాలి. తర్వాత వాడి దగ్గరికి."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. నాలుగిళ్ల పని పోతుంది."

"పోనివ్వండి. నేను చొక్కాలు కుట్టి పోషిస్తాను."

సాయంత్రం వెళ్లాం. ఆయన ఆ వీధి మలుపు దగ్గర ఆగిపోతే వెనక నుంచి వేలితో పొడిచాను. ఈ ఆరేళ్లూ ఆ వీధిలో అడుగు పెట్టకుండా చుట్టు తిరిగి వెళ్తున్నారని అప్పుడే తెలిసింది. పంతులమ్మగారు కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని తలుపు తీశారు.

"అమ్మా, ఆరేళ్ల కిందట మీ ఇంటి రేకులు అటుది ఇటు పడ్డాయి కదా," అన్నారు మావారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "ఆ తప్పు మా తమ్ముడిది కాదమ్మా. ప్లాను నాది. నేను చెప్పాల్సింది చెప్పలేదు."

ఆవిడ ఈయన్ని ఎగాదిగా చూశారు. "మీ తమ్ముడు అలా చెప్పలేదే," అన్నారు.

"వాడు ఎప్పుడు చెప్పాడమ్మా?"

"మీరు తిట్టుకుంటూ వెళ్లిన మరుసటి వారమే వచ్చాడుగా. ఒక్కడే. నాలుగు రోజులు పట్టింది పాపం. రేకులన్నీ ఊడదీశాడు, మళ్లీ వరసగా వేశాడు, పాత చిల్లులన్నీ ఒక్కొక్కటిగా మూశాడు. 'అన్న ప్లాను సరిగ్గానే గీశాడమ్మా, నేనే తిరగేసుకున్నాను, ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి' అన్నాడు. ఆ మాట మీదే కదా మా చెల్లెలి ఇంటికి మిమ్మల్ని పంపాను. మీకు తెలీదా?"

మావారు ఆవిడకి దండం పెట్టి గుమ్మం దిగారు. వీధిలోకి వచ్చి, ఆరేళ్ల తర్వాత తలెత్తి ఆ కప్పు వంక చూశారు. ప్రతి అంచూ గాలికి వీపు పెట్టి పడుకుని ఉంది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఎండ పడిందన్నారు. ఆకాశమంతా మబ్బు, ఎండెక్కడిది. ఆ ఒక్కసారికి వదిలేశాను.

మర్నాడు పొద్దున్నే కార్ఖానాకి పంపాను. "వెంట పెట్టుకుని రండి," అన్నాను. ముగ్గురికి వంట చేశాను. ఇంట్లో ఉన్న కంచాలన్నీ దించి, కడిగినవే మళ్లీ కడిగాను. పదకొండింటికి గేటు చప్పుడైంది. ఆయన ఒక్కరే.

"చెప్పారా?"

"చెప్పాను. మిషను దగ్గర పదిమంది ఉన్నారు. అందరి ముందే చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. టీ తాగించాడు."

"మరి ఏడీ? రానన్నాడా? మీరు సరిగ్గా పిలిచుండరు. మీ సంగతి నాకు తెలీదా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడి..."

"నా మీద కోపం ఎప్పుడో పోయిందంట," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "నేను చెయ్యెత్తిన సంగతి వాడు ఆ రోజే మర్చిపోయాడంట. 'పొమ్మన్నది వదిన కదన్నా' అన్నాడు. 'వదిన పొమ్మన్న ఇంటికి నువ్వు రమ్మంటే ఎలా రాను' అన్నాడు."

నేను మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాను.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని వీధిలో ఎంతమంది ఆడపిల్లలకి చెప్పానో నేను. ఆరేళ్లు ఈ మనిషిని బోనులో నిలబెట్టి నేను తీర్పులు చెప్పాను. అయిదేళ్ల పదకొండు నెలలు అంటూ లెక్కలు కట్టాను. ఆ పిల్లాడు నన్ను మొదట అడిగిన మాటే ఉంటావా, వెళ్లిపోతావా అని. అలాంటివాణ్ణి పొమ్మన్నాను. అన్న తిట్లు వాడికి కొత్త కాదు. నా నోట ఆ మాట కొత్త. నేను గుమ్మంలో సైకిలు గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటే, అక్కడ వాడు నేను వస్తానేమోనని చూస్తూ ఉన్నాడు.

మెడలో కొలత టేపు కూడా తీయకుండానే బయల్దేరాను.

కార్ఖానాలో చప్పుడు ఇంతా అంతా కాదు. చుట్టగా ఉన్న ఇనుప పట్టీ ఒక పక్క నుంచి నున్నగా లోపలికి పోతోంది, రెండో పక్క నుంచి మిట్టలూ పల్లాలూ పడి రేకై వస్తోంది. వాడు ఆ కొసన నిలబడి కొలుస్తున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నా చేత్తో నూనె పెట్టిన జుట్టు. నన్ను చూసి ఎర్ర బటను నొక్కాడు. చప్పుడంతా ఒక్కసారిగా ఆగింది.

"ఎండలో ఎందుకొచ్చారు వదినా? కూర్చోండి," అన్నాడు.

వచ్చారు. కూర్చోండి. జన్మలో వాడు నన్ను మీరు అనలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క మన్ననకి చెదిరిపోయాయి.

"నేను అనకూడని మాట అన్నానురా," అన్నాను. "ఆ రోజు తప్పు మీ అన్నదైతే కావచ్చు, నిన్ను పోగొట్టుకున్నది మాత్రం నేనే. ఇంటికి రా."

వాడు తల వంచుకుని, చేతిలోని టేపుని లాగి వదిలాడు. "రేకులు సరిపోయాయా?" అన్నాడు.

"వేస్తే కదా తెలిసేది. వేసేవాడు ఇక్కడ నిలబడి నన్ను మీరు అంటున్నాడు."

నవ్వాడు. నవ్వుతూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "కాగితం చూడగానే తెలిసిపోయింది. మన బల్బు కూడా గీసి పంపాడు అన్న," అన్నాడు. మన బల్బు అన్నాడు. నాకు అది చాలు.

సెలవు పెట్టి మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అన్న కింద, తమ్ముడు పైన. చూరుకి ఈ కొస నుంచి ఆ కొసకి తాడు కట్టి గీత సరిచూశారు. గాలికి అవతలి పక్క మొదటి రేకు పడింది. అన్న కింద నుంచి అందిస్తే, వాడు పైన అందుకుని, అంచు మీద అంచు ఎక్కించి, మిట్టల మీదే స్క్రూలు బిగించుకుంటూ వచ్చాడు. పల్లంలో బిగిస్తే నీళ్లు నిలిచి దిగుతాయి. ప్రతి స్క్రూ కింద రబ్బరు వాషరు అణిగిందో లేదో వేలితో తడిమి చూసేవాడు.

"ఒరేయ్, కాస్త ఎడమకి!" అని అన్న అరిస్తే, "ఎవరి ఎడమ? పడుకున్నవాడిదా, నిలబడ్డవాడిదా?" అని పై నుంచి వాడు. వీధిలో పోయేవాళ్లు మళ్లీ ఆగి చూశారు.

నేను గదిలో నిలబడి పైకి చూస్తూ ఉన్నాను. ఆకాశం ఒక్కో రేకంత తగ్గుతోంది. ఇనుప పైపుల మధ్య నుంచి వాడి పాదాలు, మడత పెట్టిన ప్యాంటు అంచు కనిపించేవి. ఇంకో రేకు పడితే అవీ కనిపించవు. నెమ్మదిగా వెయ్యండిరా అనాలనిపించింది. మబ్బు తరుముకొస్తుంటే నెమ్మదిగా ఎలా అంటాను? మధ్యాహ్నం భోజనం దగ్గర "ఇంకాస్త వెయ్యి వదినా" అన్నాడు. వెయ్యండి అనలేదు. అడిగినదానికి రెండింతలు వడ్డించాను.

రెండోరోజు సాయంత్రానికి ఐమూల రేకులు నాలుగూ పడ్డాయి. కాగితం దూరేంత సందు కూడా మిగల్లేదు. రెండు వాలులూ కలిసే నడిమి మీద కొప్పు రేకు బిగించి, చివరి స్క్రూ వేసి దిగాడు. పని మెచ్చుకోవడంలో ఎప్పుడూ మాట పొదుపే మావారికి. ఈసారి మాత్రం "నాకన్నా బాగా వేశావురా" అన్నారు. వాడు తలొంచుకుని చేతులు కడుక్కున్నాడు.

"ఈ పూట ఉండిపో," అన్నాను. పక్క గదిలో వాడి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచే ఉంచాను.

"నేను లేకపోతే పాప నిద్రపోదు వదినా," అన్నాడు. "వెళ్లిపోయానేమోనని తలుపు దగ్గరే కూర్చుంటుంది."

ఇంకేమంటాను? అలాంటి పిల్లల సంగతి నాకు తెలియనిది కాదు. పాప కొలతలు చెప్పరా, గౌను కుడతాను అంటే, చెయ్యి నడుం దగ్గర పెట్టి "ఇంత ఉంటుంది" అని చూపించాడు. దానితో ఎవరైనా గౌను కుట్టగలరా?

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఎక్కడైనా ఒక్క చుక్క కారితే చెప్పు. పరిగెత్తుకుని వస్తా," అని నవ్వుతూ సైకిలెక్కాడు. మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. వాడికిప్పుడు ఒక ఇల్లుంది, అందులో వాడి కోసం చూసేవాళ్లున్నారు. వస్తాడు, పోతాడు, పిలిస్తే పలుకుతాడు. కానీ ఈ ఇంట్లో వాడు ఇక చుట్టమే. వాడు ఇంటివాడిగా ఉండాల్సిన ఆరేళ్లని నేను ఒక్క మాటతో ఖర్చుపెట్టేశాను. అవి ఏ కార్ఖానాలో దొరుకుతాయి?

పదిరోజులకి వాన వచ్చింది. మధ్యాహ్నం పూట, గాలితో సహా, కుండపోతగా. రేకుల మీద ఆ హోరుకి పక్కనున్న మనిషి మాట వినపడలేదు. నేను మిషను వదిలేసి లేచాను. వంటగదిలోకి వెళ్లి చూశాను. ముందుగది చూశాను. ఏటవాలు గోడ పొడుగునా చెయ్యి పెట్టి తడిమాను. కొప్పు కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. ముప్పై ఏళ్లు కారకూడదని కోరుకున్నదాన్ని, ఆ రోజు ఒక్క చుక్క పడితే బాగుండునని నిలబడ్డాను. ఒక్కటి. ఎక్కడైనా సరే.

మావారు మంచం మీద వెల్లకిలా పడుకుని నన్నే చూస్తున్నారు.

"ఏం చూస్తున్నావు?" అని గట్టిగా అడిగారు.

"కారుతుందేమోనని."

"కారదే," అన్నారు ఆయన. "వేసింది వాడు."

"తెలుసు," అన్నాను. అయినా వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను.